కృష్ణలో బోటెక్కాక గాలివాన పట్టుకుంటే

మే నెలలో సాయంత్రం నాలుగింటికి విజయవాడ పున్నమి ఘాట్‌లో నిలబడి ఒకసారి పడమర వైపు చూడండి. ఆకు కూడా కదలని ఉక్కపోతలో అటు నల్లగా మబ్బు లేచి, ఉన్నట్టుండి చల్లటి గాలి మొహానికి తగిలిందంటే ఈదురుగాలి వచ్చేస్తున్నట్టే, పది నిమిషాలు కూడా ఉండకపోవచ్చు. మనవాళ్లు సరిగ్గా అప్పుడే 'అబ్బ, వాతావరణం ఎంత బాగుందో' అని నది మధ్యలో ఉన్న భవానీ ఐలాండ్‌కి బోటు టికెట్లు తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను ఒకసారి.

మెరుపు కనపడగానే లెక్కపెట్టండి. ఉరుము మూడు సెకన్లకు వినిపిస్తే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. ముప్పై సెకన్ల లోపు వినిపిస్తే బోటెక్కొద్దు, ఎక్కి ఉంటే ఒడ్డుకు వెళ్లమని బోటు నడిపే సరంగుకి చెప్పండి. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల సంగతి ముందే తెలుస్తుంది. వర్షాకాలంలో ఇంకోటి కూడా చూసుకోవాలి. ఘాట్‌కి దిగువనున్న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, కానీ అంతదాకా ఎందుకు, గేట్లు ఎత్తారని వింటేనే నది జోలికి పోకండి. ఇంజను ఆగిన బోటు తిన్నగా గేట్ల వైపే పోతుంది. 2024 సెప్టెంబరు వరదలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్లు ఎత్తడానికి సాయపడే బరువుల్ని, అంటే కౌంటర్ వెయిట్లను, ఎలా గుద్దాయో అందరం చూశాం.

లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకునే వస్తువు కాదు. బకిల్స్ అన్నీ పెట్టుకున్నాక పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి, అది చెవుల దాకా వచ్చేస్తే నీళ్లలో మీరు కిందకి, జాకెట్ పైకి. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే జరిగేది ఇదే, పిల్లల సైజు లేదంటే దిగిపోండి, మొహమాటం వద్దు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వైపు పవిత్ర సంగమం దగ్గర ప్రైవేటు బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు, ఆ రోజు గాలివాన కూడా లేదు.

ఇక నా సంగతి. సగం దూరం వెళ్లాక గాలి కొట్టింది. అంతే, వీడియో తీయడానికి సగం మంది లేచి ఒకే వైపుకి వచ్చారు, బోటు అటు ఒరిగింది, ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి సర్రున జారుకుంటూ వచ్చి నా మోకాలికి తగిలింది. 'కూర్చోండమ్మా! కింద కూర్చోండి, ఎవరూ లేవొద్దు!' అని సరంగు ఒకటే అరుపు. బరువు కిందకి దిగితే బోటు నిలకడగా ఉంటుంది, అందుకే కుర్చీ వదిలేసి రెండు వైపులా సమానంగా నేల మీద కూర్చోవాలి. పైన రేకో టార్పాలినో ఉంటే దాని కింద మధ్యలో ఇరుక్కోకుండా అంచుకు దగ్గరగా ఉండండి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకోండి, చున్నీ తీసేయండి.

ఘాట్ ఎదురుగానే కనపడుతున్నా సరంగు అటు పోకపోయేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత అర్థమైంది, అటు తిప్పితే అలలు పక్క నుంచి కొడతాయి, తిరగబడేది అప్పుడే. ఆయన స్పీడు తగ్గించి, బోటు ముక్కుని గాలికి కాస్త ఏటవాలుగా పెట్టి, ఇంజను ఆపకుండా మెల్లగా పోనిచ్చాడు. దిగడానికి కూడా గాలి ఏ ఒడ్డు మీదుగా వస్తుంటే ఆ ఒడ్డు దగ్గరే నీళ్లు శాంతంగా ఉంటాయి. వాయవ్యం గాలైతే బెజవాడ వైపు, దక్షిణం గాలైతే గుంటూరు వైపు. ఇంజను ఆగిపోతే లంగరు ముందు వైపు నుంచే వేయాలి, వెనక నుంచి వేస్తే అలలు నేరుగా లోపలికి ఎక్కేస్తాయి.

బోటు తిరగబడితే ఒడ్డు దగ్గరగానే అనిపించినా ఈదడానికి ప్రయత్నించకండి, తేలుతున్న బోటునే పట్టుకుని ఉండండి, పిల్లలను మధ్యలో పెట్టుకోండి. విజిల్ ఉంటే ఊదండి, ఫోన్ తడవకుండా జిప్ కవర్లో ఉంటే 112కి చేయండి.

ఒడ్డెక్కాక చెట్ల కింద నిలబడొద్దు, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఏదైనా పక్కా బిల్డింగులోనో కారులోనో కూర్చోండి. మేం ఆ అరగంటా టికెట్ కౌంటర్ పక్కన తడిబట్టలతో వణుకుతూ నిలబడ్డాం, మళ్లీ ఎండ వచ్చింది, క్యూలో అప్పుడే నలుగురు చేరారు.