సభలో మాట్లాడటం – నాలుగవ పాఠం: అంకెలను చెవికి అందించడం

మీ ప్రసంగం మొత్తాన్ని ఒకే వాక్యంలో రాసుకొమ్మని గత పాఠంలో చెప్పాను. ఆ వాక్యం ఇంకా రాయనివారు ముందుగా ఆ పని ముగించండి. ఏ అంకెను ఉంచుకోవాలో, ఏ అంకెను వదిలెయ్యాలో తేల్చేది ఆ వాక్యమే.

కాగితం మీద ఉన్న అంకె అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకుంటుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. విన్న అంకె ఏమిటో శ్రోత తేల్చుకునేలోగా వక్త తరువాతి వాక్యంలోకి వెళ్ళిపోతాడు. అందుకే, నివేదికలో చక్కగా కనిపించిన అంకెలను వేదిక మీద ఉన్నవి ఉన్నట్టుగా చదవడం, ఎంత కష్టపడి సేకరించినవైనా, వాటిని వృథా చేసుకోవడమే అవుతుంది.

నెల్లూరులో ఒక డిగ్రీ కళాశాల సెమినార్‌లో ఒక విద్యార్థిని సోమశిల జలాశయం గురించి మాట్లాడుతూ, దాని పూర్తి సామర్థ్యం 77.988 టీఎంసీలు అని చెప్పింది. అంకె సరైనదే. అయినా, పెన్నా కాలువల నీటితో వరి పండించే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లల ముఖాల్లో కూడా ఏ కదలికా కనిపించలేదు, ఎందుకంటే టీఎంసీ అనే మాట రోజూ వినేదే గానీ అది ఎంత నీరో ఎవరూ ఊహించుకోలేరు. అదే విషయాన్ని ఇలా చెప్పి చూడండి: "ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపు అడుగుల నీరు. ఆ నీటిని పొలాల్లోకి వదిలితే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తుంది. సోమశిల నిండితే అలాంటివి సుమారు 78 ఉంటాయి." ఎకరానికి 43,560 చదరపు అడుగులు కాబట్టి, 100 కోట్లను దానితో భాగిస్తే ఈ లెక్క వస్తుంది. ముందు కొలమానాన్ని కళ్ళకు కట్టించి, ఆ తరువాత అంకె చెప్పి, ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణంలోనే శ్రోత తనకు తెలిసిన పొలాన్ని తలచుకుంటాడు.

ఉద్యోగంలో ఉన్నవారికి మరో రకమైన ఇబ్బంది ఎదురవుతుంది. తమ వృత్తిలో నిత్యం వాడే కొలత ఎదుటివారికి తలకిందులుగా అర్థం కావచ్చు. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఎవరికైనా 40 కౌంట్ అంటే కిలోకు 40 రొయ్యలు తూగడమని, కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దదని తెలుసు. కానీ రుణం కోసం బ్యాంకు అధికారుల ముందు నిలబడి "పోయిన పంటలో 60 కౌంట్, ఈ పంటలో 40 కౌంట్ వచ్చింది" అంటే, ఈ రంగం తెలియని అధికారి దిగుబడి పడిపోయిందనుకునే ప్రమాదం ఉంది. "ఒక్కో రొయ్య పోయినసారి దాదాపు 17 గ్రాములు తూగింది, ఈసారి 25 గ్రాములు తూగింది" అని చెబితే పెరుగుదల పెరుగుదలగానే వినిపిస్తుంది. కౌంట్ అనే మాటను ఆ తరువాత చెప్పవచ్చు.

కచ్చితమైన అంకె తెర మీద ఉండాలి, గుండ్రం చేసిన అంకె నోట రావాలి. గుండ్రం చేసినప్పుడు "సుమారు" అనడం మరవకండి, లేకపోతే తెర మీది అంకెకూ మీ మాటకూ పొంతన లేదని ఎవరో ఒకరు అడుగుతారు. తెలుగు శ్రోతలకు మిలియన్లు చెప్పకండి, లక్షల్లో, కోట్లలో చెప్పండి. మాట తెలుగులో సాగుతుండగా అంకె రాగానే ఇంగ్లీషులోకి జారిపోవడం చాలామందికి అలవాటు. అంకెను ముందే పలికి చూసుకోకపోవడమే ఇందుకు కారణమని నా నమ్మకం. అందుకని మీ కాగితంలో ప్రతి అంకె పక్కనా దాన్ని అక్షరాల్లో రాసుకొని, తడబాటు పోయేదాకా గట్టిగా పలకండి.

ఈ వారం అభ్యాసం: మీ ప్రసంగంలో ఉన్న అంకెల్లో మూడింటిని మాత్రమే ఉంచి, వాటిని పైన చెప్పిన పద్ధతిలో తిరిగి రాయండి. ఫోనులో రికార్డు చేసి, మీ విషయంతో సంబంధం లేని ఇంట్లోవారికి ఒకసారే వినిపించండి. మరునాడు వారికి ఏ అంకె గుర్తున్నదో, అది దేనికి సంబంధించినదో అడిగి, వారు చెప్పిన మాటలనే రాసి ఉంచుకోండి. అయిదవ పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడదాం.