దాణా మార్చే ముందు గడ్డి చూడండి: పాడి ఆవు మేతలో సమస్యలు, పరిష్కారాలు

పాలు తగ్గగానే చాలామంది ముందు దాణా పెంచుతారు. నేనైతే ముందు గడ్డి చూడమంటాను. పాడి ఆవు తినే పొడి పదార్థంలో (మేతలో నీరు పోగా మిగిలేది) సగం, వీలైతే అంతకన్నా ఎక్కువ, గడ్డి నుంచే రావాలి. ఆ సగం బాగోలేకపోతే దాణా ఎంత పోసినా ఖర్చు పెరుగుతుంది తప్ప ఆవు కోలుకోదు.

తొట్టి నిండా గడ్డి ఉన్నా పాలు మెల్లగా తగ్గుతున్నాయి

ఎక్కువసార్లు కారణం ఒక్కటే: గడ్డి ముదిరిపోయింది. పూత వచ్చాక మొక్కలో ఆకు వాటా తగ్గుతుంది, కాడ గట్టిపడి అందులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం చేరుతుంది. ఆవు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు లిగ్నిన్‌ను అరిగించలేవు. పైగా దాన్ని అంటుకుని ఉన్న మంచి పీచు కూడా వాటికి అందదు. అలా అరగని పీచు పొట్టలోనే ఎక్కువసేపు ఉండిపోయి కొత్త మేతకు చోటివ్వదు. కడుపు నిండుగానే కనిపిస్తుంది, ఒంటికి పట్టేది మాత్రం తక్కువ. పీచు అరిగే గుణం ఒక్క శాతం పెరిగినా ఆవు రోజుకు సుమారు 170 గ్రాముల పొడి మేత ఎక్కువ తింటుందని, పాలు దాదాపు పావు కిలో పెరుగుతాయని 1999లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది.

నిర్ధారించుకోవాలంటే పిడికెడు పేడను జల్లెడలో వేసి నీళ్లతో కడగండి. పొడవాటి పీచు ముక్కలు బాగా మిగిలి, పేడ గట్టిగా ఉంటే గడ్డినే అనుమానించాలి.

పరిష్కారం కోత తేదీలో ఉంది. లూసర్న్‌ను (ఇది పప్పుజాతి పచ్చిమేత) పదో వంతు మొక్కలు పూతకు రాగానే కోయాలి. జొన్నను సగం మొక్కలు పూసినప్పుడు, హైబ్రిడ్ నేపియర్‌ను మొదటి కోత తర్వాత 40-45 రోజులకోసారి కోయాలి. ఇంకో పది రోజులు ఆగితే బరువు పెరుగుతుంది కదా అనిపిస్తుంది. నిజమే, కానీ పెరిగేది చాలావరకు కాడ.

ఇప్పటికే ముదిరిన గడ్డిని ఒట్టిపోయిన ఆవులకు వాడండి. లేత గడ్డిని ఈనిన కొత్తలో ఉన్నవాటికి ఉంచండి. చాఫ్ కట్టర్‌తో ముక్కలు చేస్తే వృథా తగ్గుతుంది, ముదురు గడ్డి మాత్రం లేతది అయిపోదు.

ఎండుగడ్డి మీదే ఆధారపడితే ఇంకో చిక్కుంది. మేతలో ప్రోటీన్ 7 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులకు నత్రజని చాలదు, ఆవు తినడమే తగ్గిస్తుంది. పప్పుజాతి పచ్చిమేత కలపడం మంచి మార్గం. అది దొరక్కపోతే 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, సమంగా చల్లి, గాలి చొరబడకుండా 21 రోజులు కప్పి ఉంచండి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. మిగిలిన యూరియా నీళ్లు ఆవు నోటికి అందితే ప్రాణానికే ప్రమాదం, చాలా జాగ్రత్త.

పాలు తగ్గలేదు, ఫ్యాట్ పడిపోయింది

పాలలో వెన్నకు ఒక ముఖ్యమైన ముడిసరుకు పీచు అరిగినప్పుడు తయారయ్యే ఎసిటిక్ ఆమ్లం. గడ్డి తక్కువై దాణా ఎక్కువైనా, గడ్డిని మరీ పొడి చేసినా నెమరు తగ్గుతుంది. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, పొట్టలో ఆమ్లం పెరిగి పీచును అరిగించే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. పేడ పల్చగా, గింజలతో పడుతుంది.

తీరిగ్గా పడుకున్న ఆవులను గమనించండి, సగానికి పైగా నెమరు వేస్తుండాలి. లేకపోతే దాణాను మూడు నాలుగు విడతలుగా పంచండి, ముందు గడ్డి వేసి తర్వాతే దాణా ఇవ్వండి, ముక్కలు 2-3 సెంటీమీటర్లు ఉంచండి. మరీ లేత గడ్డి అయితే కొంచెం ఎండుగడ్డి కలపాలి. ఏ మార్పైనా వారం పది రోజుల్లో మెల్లగా చేయండి.

సైలేజ్‌ను వాసన చూసి వదిలేస్తోంది

సైలేజ్ అంటే గాలి తగలకుండా పాతరేసి పులియబెట్టిన పచ్చిమేత. మంచి సైలేజ్‌కు పుల్లటి, హాయైన వాసన ఉంటుంది. కుళ్లిన వెన్న వాసన వస్తే పంటను మరీ తడిగా పాతరేశారని అర్థం. ముదురు గోధుమ రంగులో కాలిన వాసన వస్తే లోపల వేడెక్కింది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలితే తెరిచిన వైపు నుంచి గాలి లోపలికి పోతోంది.

పాడైనదాన్ని బాగుచేయలేం. బూజు పట్టిన భాగాన్ని పారేయండి, మంచిదాంట్లో కలిపి సరిపెట్టొద్దు. బూజు వల్ల చేరే విషాలు కంటికి కనిపించవు. రోజూ తెరిచిన వైపు మొత్తం ఒక పొర తీస్తూ, వెంటనే కప్పేయండి. వచ్చేసారి మొక్కజొన్నలో పొడి పదార్థం 30-35 శాతం ఉన్నప్పుడు కోసి, గాలి లేకుండా బాగా తొక్కించండి.

జొన్న మేసిన కాసేపటికే రొప్పుతూ పడిపోయింది

ఇది నాము. లేత జొన్నలో, వానలేక వాడిన పైరులో, కోసిన మొదళ్ల నుంచి వచ్చే పిలకల్లో సైనైడ్ విషం ఎక్కువ. ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ని పిలవండి, మిగతా పశువులను ఆ చేలోంచి తోలేయండి. జొన్నను పూత రాకముందు మేపకపోవడమే రక్షణ.

గడ్డి బాగుంది, అయినా తినడం లేదు

అప్పుడు గడ్డిని వదిలి ఆవును చూడండి. నీళ్లు సరిపడా ఉన్నాయా, ఎండకు రొప్పుతోందా, జ్వరం ఉందా, పొదుగు వాచిందా? ఒక పూట పూర్తిగా మేత మానేస్తే మేత మార్చి ప్రయోగాలు చేయకుండా డాక్టరుకు చూపించండి.