‘నలత’ అనే మాటను వాడే తీరు

ఫలానా జబ్బు అని పేరు పెట్టలేని, అలాగని ఒళ్ళు తేలికగానూ లేని స్థితిని చెప్పడానికి తెలుగులో ఉన్న చక్కని మాట ‘నలత’. ఉష్ణమాపకం పెట్టి చూస్తే జ్వరం కనిపించదు, కానీ అన్నం సహించదు, పని మీదికి ధ్యాస పోదు. అప్పుడు ‘నాకు ఒంట్లో నలతగా ఉంది’ అంటాము.

ఈ వాక్య నిర్మాణాన్ని గమనించాలి. బాధపడే మనిషికి ‘కు’ విభక్తి చేర్చి, ‘ఒంట్లో’ అని చోటు చెప్పి, ‘నలత’కు ‘గా’ తగిలించడం అన్నిటికంటే సహజమైన వాడుక. ఎదుటివారిని గౌరవంగా పరామర్శించేటప్పుడు ‘ఏమండీ, నలతగా కనిపిస్తున్నారు’ అనడమూ ఉంది.

దీనిని ‘కలత’తో కలిపివేయకూడదు. నలత ఒంటిది, కలత మనసుది. అందుకే ‘ఆ వార్త విని నలత చెందాడు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ ‘కలత చెందాడు’ అనే రాయాలి. పని చేసి అలసిపోతే అది అలసట, దూరమైనవారి కోసం కుంగిపోతే అది బెంగ. ‘సుస్తీ చేసింది’ అన్నప్పుడు మాత్రం జబ్బు కొంత తేలినట్లే.

సెలవు చీటీలో, పత్రికా వార్తలో ‘అస్వస్థత’ చెల్లుతుంది. ఇంటికి రాసే ఉత్తరంలో అది బిగుసుకుపోయినట్లుంటుందని నా అభిప్రాయం, అక్కడ నలతే నయం. వైద్యుడి దగ్గర మాత్రం ఈ ఒక్క మాటతో ఆగక, ఎన్నాళ్ళ నుంచి, ఎక్కడ, ఎలా ఉందో విడమరచి చెప్పాలి.