నిర్మాణానికి ప్రతిపాదించిన స్థలంలో పెద్ద చెట్లకు చట్టపరమైన రక్షణ ఎలా సాధించాలి?

నిర్మాణానికి అనుమతి మంజూరైన తరువాత ఒక చెట్టును నిలబెట్టుకోవడం చాలా కష్టం. ఇంగ్లండులో వృక్ష పరిరక్షణ ఉత్తర్వు ఉన్న చెట్టును సైతం, పూర్తిస్థాయి ప్లానింగ్ అనుమతి పొందిన కట్టడానికి అడ్డుగా ఉంటే, వేరే అనుమతి లేకుండానే తొలగించవచ్చు. చెట్ల విషయంలో అంత పటిష్ఠమైన చట్టం ఉన్న చోటే పరిస్థితి ఇలా ఉన్నప్పుడు, మిగతా చోట్ల చెప్పనక్కరలేదు. కాబట్టి ఇక్కడ చెప్పే పనుల్లో అధికభాగం ప్లాన్ ఆమోదం పొందకముందే పూర్తి కావాలి.

ముందుగా తేల్చుకోవలసింది ఆ చెట్టుకు ఏ చట్టం వర్తిస్తుందనే విషయం. చట్టాలు స్థూలంగా మూడు విధాలుగా చెట్లకు రక్షణ కల్పిస్తాయి. మొదటిది, ఫలానా చెట్టును నరకరాదని విడిగా జారీ చేసే ఉత్తర్వు. ఇంగ్లండులో 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం కింద స్థానిక ప్లానింగ్ సంస్థ ఇచ్చేది ఇదే. రెండవది, ఏ చెట్టునైనా నరికేముందు అధికారి అనుమతి పొందాలనే సాధారణ నియమం. భారతదేశంలో అన్ని చెట్లకూ కలిపి ఒకే జాతీయ చట్టం లేదు. ఢిల్లీలో 1994 నాటి చట్టం, మహారాష్ట్ర పట్టణాల్లో 1975 నాటి చట్టం, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఈ కోవలోకి వస్తాయి. మహారాష్ట్ర చట్టానికి 2021లో చేసిన సవరణ యాభై ఏళ్లు, అంతకు పైబడిన వయసున్న చెట్లను వారసత్వ వృక్షాలుగా గుర్తిస్తుంది. మూడవది, ఆ ప్రాంతానికే ఉన్న రక్షణ. ఆ భూమి రికార్డుల్లో అడవిగా నమోదై ఉందా, పరిరక్షిత ప్రాంతంలో ఉందా అన్నది రెవెన్యూ, అటవీ శాఖల పత్రాల్లో చూసుకోవాలి.

తరువాత, నిర్మాణ దరఖాస్తు ఏ దశలో ఉందో తెలుసుకోవాలి. సమర్పించిన సైట్ ప్లాన్‌లో చెట్లను చూపించారా లేదా అన్నది మొట్టమొదట గమనించవలసిన అంశం, ఎందుకంటే నక్షాలో లేని చెట్టు అధికారి దృష్టిలో లేనట్టే. పత్రాలు బహిరంగంగా అందుబాటులో లేకపోతే, భారతదేశంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా ముప్పై రోజుల్లోగా సమాధానం రావాలి. అయితే ఆ ముప్పై రోజుల్లో యంత్రాలు రంగంలోకి దిగవచ్చు గనుక, సమాధానం కోసం ఎదురుచూస్తూ మిగతా పనులు ఆపుకోరాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, నిర్మిత వైశాల్యం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన భవన ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం. ఆ దరఖాస్తులో చెట్ల గురించి ఏం రాశారో కూడా తప్పక చదవాలి.

ఇక చెట్ల నమోదు. వాదన ఎంత బలంగా ఉన్నా దానికి ఆధారం ఈ పట్టికే కనుక, ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. ప్రతి చెట్టుకూ ఒక సంఖ్య ఇచ్చి, జాతి, కాండం చుట్టుకొలత, సుమారు ఎత్తు, కొమ్మలు నాలుగు దిక్కులా ఎంత దూరం విస్తరించాయో, జీపీఎస్ స్థానం ఏమిటో రాసుకోవాలి. చుట్టుకొలతను ఇంగ్లండులో నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున, భారతదేశంలో సాధారణంగా 1.37 మీటర్ల ఎత్తున కొలుస్తారు. ఏ ఎత్తున కొలిచారో పట్టికలో స్పష్టంగా రాయకపోతే అవతలి పక్షం ఆ అంకెలన్నిటినీ ప్రశ్నించగలదు. మొదలు, కొమ్మలు, పరిసరాలు కనిపించేలా తేదీతో సహా ఫొటోలు తీయాలి. పిట్ట గూళ్లు, గబ్బిలాల స్థావరాలు ఉంటే వాటిని విడిగా నమోదు చేయాలి, ఎందుకంటే చాలా దేశాల్లో వన్యప్రాణి చట్టాలు చెట్టుతో సంబంధం లేకుండా వాటికి రక్షణ ఇస్తాయి. యజమాని అనుమతి లేకుండా ప్రైవేటు స్థలంలో అడుగుపెట్టరాదు. రోడ్డు మీద నుంచి కొలవగలిగినదే కొలిచి, మిగిలినది అంచనా అని రాయడం మేలు.

పెద్ద చెట్టుకు వ్యతిరేకంగా సాధారణంగా ముందుకు వచ్చే వాదన, అది ముసలిదైపోయిందని, బోలుగా ఉండి ప్రమాదకరంగా మారిందని. కాండం లోపల బోలుగా ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోతుందని అర్థం కాదు. నీటిని మోసే సజీవ కణజాలం వెలుపలి పొరల్లో ఉంటుంది, మిగిలిన గోడ తగినంత మందంగా ఉంటే చెట్టు దశాబ్దాల పాటు నిలబడగలదు. అయితే దీన్ని మీరు చెబితే సరిపోదు. నిర్మాణదారుతో సంబంధం లేని వృక్ష నిపుణుడి చేత లిఖితపూర్వక నివేదిక తీసుకోవాలి.

నమోదు పూర్తయిన వెంటనే రక్షణ ఉత్తర్వు కోసం దరఖాస్తు చేయాలి. ఇంగ్లండులో ఎవరైనా స్థానిక ప్లానింగ్ సంస్థను ఇలా కోరవచ్చు. ఉత్తర్వు తాత్కాలికంగా వెంటనే అమల్లోకి వచ్చి ఆరు నెలలు ఉంటుంది. అభ్యంతరాలకు కనీసం 28 రోజులు ఇచ్చి, ఆ తరువాత ఖరారు చేస్తారు. అటువంటి ఉత్తర్వుల పద్ధతి లేని చోట, తమ అభ్యంతరాలు వినకుండా నరికివేతకు అనుమతి ఇవ్వవద్దని సంబంధిత అధికారికి వినతిపత్రం ఇచ్చి, కాపీ మీద ఇన్‌వార్డు నంబరుతో ముద్ర వేయించుకోవాలి. ఈ దశలో ప్రచారానికి తొందరపడకపోవడం మంచిదని నా అభిప్రాయం. రక్షణ రాబోతోందని ముందే తెలిస్తే, అది రాకముందే రంపాలు పనిచేయవచ్చు.

అభ్యంతర పత్రంలో చాలామంది వదిలేసే అంశం వేర్లు. చెట్టు వేర్లలో అధికభాగం నేల పైపొరలో, దాదాపు 60 సెంటీమీటర్ల లోతులోపే, కొమ్మల అంచులు దాటి కూడా పరచుకొని ఉంటాయి. లారీలు, క్రేన్లు తిరిగి ఆ మట్టి గట్టిపడితే వేర్లకు గాలి, నీరు అందవు. కాండం మీద ఒక్క గాటు కూడా పడకుండానే చెట్టు కొన్నేళ్లలో ఎండిపోతుంది. బ్రిటన్‌లో పాటించే బీఎస్ 5837 ప్రమాణం ప్రకారం, ఒకే కాండం ఉన్న చెట్టుకు కాండం వ్యాసానికి పన్నెండు రెట్ల వ్యాసార్థంలో, గరిష్ఠంగా 15 మీటర్ల వరకు, నేలను వేర్ల రక్షణ ప్రాంతంగా గుర్తించాలి. చుట్టుకొలత 220 సెంటీమీటర్లు ఉన్న చెట్టును తీసుకుంటే, దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం దాదాపు 70 సెంటీమీటర్లు, అంటే చెట్టు చుట్టూ 8.4 మీటర్ల మేర తవ్వకం, మట్టి నింపడం, సామగ్రి నిల్వ కూడదన్నమాట. ప్రతి చెట్టుకూ ఈ వృత్తాన్ని సైట్ ప్లాన్ మీద గీసి జతచేస్తే, భవనం ఎక్కడెక్కడ వేర్ల మీదికి వస్తోందో అధికారికి ఒక్క చూపులో అర్థమవుతుంది.

నిర్మాణమే వద్దనడం కన్నా, కట్టడాన్ని కొన్ని మీటర్లు జరపమని, ఆ వృత్తాల్లో నీరు ఇంకే బాట వేయమని, మురుగు, విద్యుత్ లైన్లను పక్కదారిన తీసుకెళ్లమని నిర్దిష్టంగా కోరితే అధికారి అంగీకరించే అవకాశం ఎక్కువ. చెట్లను వేళ్లతో సహా తీసి వేరొకచోట నాటుతామన్న హామీని మాత్రం సులభంగా ఒప్పుకోరాదు. పెద్ద చెట్టును పెకలించినప్పుడు దాని వేర్లలో చాలా భాగం తెగిపోతుంది, బతికే అవకాశం జాతిని బట్టి, తరువాతి సంరక్షణను బట్టి మారుతుంది. తప్పనిసరైతే, ఎన్నేళ్లు సంరక్షిస్తారో, చెట్టు చనిపోతే ఏం చేస్తారో అనుమతి షరతుల్లోనే రాయించాలి.

అధికారులు స్పందించకపోతే కోర్టు మార్గం ఉంది. భారతదేశంలో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు సాధారణంగా ఆరు నెలల గడువు ఉంటుంది. అయితే ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో రాష్ట్రాల చెట్ల చట్టాలు లేవు. కేవలం రాష్ట్ర చెట్ల చట్టం ఉల్లంఘన మీద ఆధారపడే కేసు అయితే హైకోర్టులో రిట్ పిటిషన్ గురించి న్యాయవాదిని అడగాలి. వెంటనే కోరవలసింది స్టే. తాజ్‌మహల్ పరిసరాల్లోని తాజ్ ట్రెపీజియం అనే రక్షిత ప్రాంతంలో అక్రమంగా నరికిన 454 చెట్లకు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను సుప్రీంకోర్టు 2025 మార్చిలో సమర్థించింది, కానీ ఎంత జరిమానా విధించినా ఆ చెట్లు తిరిగి రావు.

అనుమతి వచ్చి చెట్లు నిలిచిన తరువాత, యంత్రాలు రాకముందే వేర్ల వృత్తాల చుట్టూ కదలని కంచె వేయాలన్న షరతు అమలవుతోందా అని చూడాలి. కంచెను జరిపినా, లోపల సిమెంటు బస్తాలు పేర్చినా, కాంక్రీటు కడిగిన నీళ్లు వదిలినా అదే రోజు ఫొటోతో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వేర్ల దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది కనుక, పని ముగిసిన తరువాత కనీసం ఐదేళ్ల వరకు చనిపోయిన చెట్టుకు బదులు నాటే బాధ్యత నిర్మాణదారుదేనని షరతుల్లో ఉండేలా ముందే కోరాలి, ఏటా అవే చోట్ల నిలబడి ఫొటోలు తీసి మొదటి పట్టికతో పోల్చి చూస్తూ ఉండాలి.