జూలో జంతువు క్షేమంగా ఉందో లేదో గమనించడం ఎలా?

జూ అంతా ఒక్క పూటలో చుట్టి రావాలనుకుంటే ఏ జంతువు పరిస్థితీ మనకు అర్థం కాదు. హైదరాబాద్‌లోని నెహ్రూ జూలాజికల్ పార్కు ఒక్కటే దాదాపు 380 ఎకరాల్లో ఉంది. కాబట్టి రెండు మూడు ఎన్‌క్లోజర్లనే ఎంచుకొని, ఒక్కొక్క దాని ముందు కనీసం అరగంట ఉండాలి. ఉదయం తెరవగానే ఒకసారి, జనం పెరిగాక మరోసారి అదే చోటికి వెళ్లగలిగితే మంచిది.

మొదట నడకను చూడండి. పులిగానీ తోడేలుగానీ కంచె వెంట ఒకే దారిలో నడుస్తూ, ప్రతిసారీ అదే చోట వెనక్కి తిరుగుతూ, చుట్టూ ఏం జరిగినా పట్టించుకోకుండా ఉంటే ఆ నడకను వ్యాయామంగా భావించకూడదు. ఏనుగు ఉన్నచోటే నిలబడి తలను, తొండాన్ని లయగా ఊపడం, ఎలుగుబంటి అదే పనిగా తల తిప్పుతూ ఉండడం కూడా ఈ కోవలోవే. సహజంగా చేయవలసిన పనులకు అవకాశం లేనప్పుడు జంతువుల్లో ఇలాంటి చేష్టలు పుడతాయి. గడ్డి చచ్చిపోయి కంచె పొడవునా సన్నని బాట పడి ఉంటే, ఆ నడక చాలాకాలంగా సాగుతోందని అనుకోవచ్చు. అడవిలో ఎంత విశాలమైన ప్రాంతంలో తిరిగే జాతి అయితే, బంధనంలో అంత ఎక్కువగా ఇలా తిరుగుతుందనీ, దాని పిల్లల మరణాలు కూడా అంత ఎక్కువనీ 2003లో పరిశోధకులు రాస్ క్లబ్, జార్జియా మేసన్ మాంసాహార జంతువులపై చేసిన పరిశీలనలో తేలింది. మన కంటికి పెద్దదిగా తోచే ఆవరణ పులికి చాలకపోవడానికి కారణం ఇదే.

అయితే ఒక్కసారి చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు. మేత వేళ దగ్గరపడితే చాలా జంతువులు గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతాయి. సింహం పగలంతా పడుకోవడం సహజమే. విశాఖపట్నం, తిరుపతి జూల రక్షణ కేంద్రాలకు సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలు, పులుల వంటి వాటికి పాత బోనులో అలవడిన చేష్టలు మెరుగైన చోటికి మారాక కూడా మిగిలిపోవచ్చు. అందుకే, కుదిరితే కీపర్‌ను మర్యాదగా పలకరించి, ఆ జంతువు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడు మేత పెడతారో తెలుసుకోవాలి.

తర్వాత ఒంటిని గమనించండి. చిలుక ఛాతీ బోసిగా ఉండి తల ఈకలు మాత్రం నిండుగా ఉంటే, తన ఈకలను అదే పీక్కుంటోందని అనుమానించాలి, ఎందుకంటే దాని ముక్కుకు అందనిది తల ఒక్కటే.

ఆవరణలో చూడవలసింది జంతువుకు ఎంచుకునే వీలు ఉందా లేదా అన్నది. నీడ, నీళ్లు, మట్టినేల, చిరుతకూ కోతికీ ఎక్కే ఎత్తు, అన్నిటికంటే ముఖ్యంగా మన చూపుకు అందకుండా దాక్కునే చోటు ఉండాలి. డబ్బిచ్చి టికెట్ కొన్నా పులి కనబడలేదని విసుక్కోకండి, అది పొదల వెనక ఉండగలగడం మంచి జూకు గుర్తు. ఎలుగుబంటికి తిండిని పళ్లెంలో పెట్టేయకుండా దుంగల రంధ్రాల్లో తేనె నింపితే, అది గంటల తరబడి తవ్వుతూ, పీలుస్తూ అడవిలో చేసే పనే చేస్తుంది.

ఏనుగు విషయంలో మాత్రం నా అభిప్రాయం స్పష్టం: దాన్ని జూలో ఉంచకూడదు. ఐరోపా జూలలో పుట్టిన ఆఫ్రికా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం 16.9 ఏళ్లనీ, కెన్యాలోని అంబోసెలి జాతీయ పార్కులో సహజంగా మరణించేవాటికి అది 56 ఏళ్లనీ 2008లో సైన్స్ పత్రిక ప్రచురించింది. దేశంలోని జూలను పర్యవేక్షించే మన కేంద్ర జూ అథారిటీ కూడా ఏనుగులను జూల నుంచి తరలించాలని 2009లో ఆదేశించింది.

చూసినదాన్ని అక్కడికక్కడే రాసుకోండి: తేదీ, సమయం, ఎన్‌క్లోజర్ పేరు, పది నిమిషాల్లో ఆ చేష్ట ఎంతసేపు కనిపించింది, అప్పుడు జనం ఎందరున్నారు. ఫ్లాష్ లేకుండా చిన్న వీడియో తీయండి. అరిచి, రాళ్లు విసిరి, చిప్స్ వేసి జంతువును ఇబ్బంది పెట్టేవారు కనిపిస్తే వెంటనే సిబ్బందికి చెప్పండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 38జె ప్రకారం అది నేరం. ఫిర్యాదులో "జంతువు బాధపడుతోంది" అని మాత్రమే రాస్తే పక్కన పెట్టేస్తారు, "కంచె వెంట ఇంతసేపు ఆగకుండా నడిచింది" అని రాస్తే పశువైద్యుడు పరిశీలించడానికి వీలుంటుంది. దాన్ని ముందు ఆ జూ నిర్వహణ చూసే అధికారి అయిన క్యూరేటర్‌కు, స్పందన లేకపోతే ఢిల్లీలోని కేంద్ర జూ అథారిటీకి పంపి, కొన్ని వారాల తర్వాత అదే వేళకు వెళ్లి, మళ్లీ అవే వివరాలు రాసుకొని పోల్చి చూడాలి.