అప్పు ఉందా అంటే లేదంటారు, తాందా ఉందా అని అడగండి

కాలిఫోర్నియాలో ఓక్లాండ్‌లోని ఫ్రూట్‌వేల్‌లో లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) చిరువ్యాపారుల సర్వే మొదలుపెట్టినప్పుడు ఇంగ్లిష్ ప్రశ్నలను స్పానిష్‌లోకి మార్చి, ఫోన్లకు లింకు పంపి ఊరుకున్నాను. పది రోజుల్లో వచ్చినవి నాలుగు జవాబులు. పగలంతా డేటాతోనే ఉద్యోగం చేసేదాన్ని, సిగ్గేసింది.

మీరు ఈ పని తలపెడితే కాగితాలు పట్టుకుని స్వయంగా వెళ్లండి. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు ఒకరు వెంట ఉండాలి. బేరాలు జోరుగా ఉన్న వేళ వెళ్లొద్దు. వాళ్ల టైముకు గిఫ్ట్ కార్డు ఇవ్వండి, అదీ ప్రశ్నలకు ముందే. పేరు, ఫోన్ నంబరు, ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అసలు రాసుకోవద్దు. రాయనిది ఎవరి చేతిలోనూ పడదు.

తర్వాత ప్రశ్నలు. తమాలేలు (మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించే మెక్సికన్ వంటకం) అమ్మే ఒకావిడను "వ్యాపారానికి అప్పు తీసుకున్నారా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "లేదు" గడిలో టిక్కు పెట్టేశాను. నాతో వచ్చిన అమ్మాయి ఊరుకోలేక "తాందా?" అంది. ఆవిడ నవ్వి, ఆవిర్లు కక్కుతున్న పెద్ద గిన్నె మీద గరిటెతో కొట్టి చూపించింది. అది తాందా డబ్బుతో కొన్నదే! తాందా మన చీటీ లాంటిదే, పాట మాత్రం ఉండదు. నెలనెలా అందరూ కడతారు, వంతు వచ్చినవాళ్లు మొత్తం తీసుకుంటారు. ఏళ్ల తరబడి తప్పకుండా కట్టినా మామూలుగా అది క్రెడిట్ స్కోరుకు ఎక్కదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ అసెట్ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఇలాంటి చెల్లింపులను క్రెడిట్ బ్యూరోలకు చేర్చే పద్ధతి తెచ్చింది. కాలిఫోర్నియా 2014లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 896 చట్టంతో దాన్ని గుర్తించింది. అందుకే తాందాకు విడిగా ఒక ప్రశ్న పెట్టండి.

రాబడి, ఖర్చులు పోగా మిగిలింది, రెండూ అడగండి. 2020లో పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్ (కోవిడ్ వేళ చిన్న వ్యాపారాలకు అమెరికా ప్రభుత్వ సాయం) సొంతంగా పనిచేసుకునేవాళ్లకు నికర లాభాన్ని బట్టే డబ్బిచ్చింది. లాభం సున్నా అయితే వచ్చేదీ సున్నానే. 2021 మార్చిలో మొత్తం రాబడిని లెక్కలోకి తీసుకోవచ్చన్నారు. టాక్స్ ఫారంలో చూసే గడి ఒక్కటే మారింది.

అమెరికా సెన్సస్ లెక్కలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. యాన్యువల్ బిజినెస్ సర్వేలో జీతగాళ్లున్న సంస్థలే ఉంటాయి. ఒంటరిగా నడిపేవాళ్ల లెక్క నాన్‌ఎంప్లాయర్ గణాంకాల్లో వేరే ఉంటుంది. అది కూడా చూడకపోతే మన తమాలే ఆవిడ లేనట్టే.

పర్మిట్ గురించి "కష్టమా?" అని అడిగితే అందరూ అవునంటారు, ఉపయోగం లేదు. ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో అడగండి. ఎస్‌బీ 946 వచ్చి, 2019 నుంచి కాలిబాట మీద అమ్మకం కాలిఫోర్నియాలో నేరం కాకుండా పోయింది. అయినా తిండి బండ్లకు పర్మిట్ దొరకడం చాలా కష్టమైంది, ఎందుకంటే సింకుల వంటి నిబంధనలు పెద్ద ట్రక్కుల కొలతలో ఉండేవి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ లా స్కూల్ న్యాయసహాయ క్లినిక్, పబ్లిక్ కౌన్సెల్ అనే ఉచిత న్యాయసహాయ సంస్థ కలిసి 2021లో ఆ అడ్డంకులను నిబంధనల వారీగా నివేదికలో పెట్టాయి. 2023లో ఎస్‌బీ 972 అమల్లోకి వచ్చి చిన్న బండ్లకు దారి సులువు చేసింది. సర్వే ఫలితాలతో సిటీ కౌన్సిల్‌కు వెళ్లేటప్పుడు మీరూ అంత కచ్చితంగా వెళ్లండి. మాట్లాడటానికి దొరికేది కొద్ది నిమిషాలే.

ఫలితాలను స్పానిష్‌లో ఒక పేజీకి కుదించి, జవాబులిచ్చినవాళ్లకే ముందు చూపించండి. తమాలే ఆవిడ నా పేజీ చదివి, తాందాలో పదిమంది అని రాసిన చోట వేలు పెట్టింది. పెన్ను అడిగి తీసుకుని, పది కొట్టేసి పన్నెండు అని దిద్దింది.