పీక్ దాటి లీన్ చేస్తే ఇంజిన్ వణికేది: నా అనుభవం

మా చిన్న విమానానిది నాలుగు సిలిండర్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్; అంటే ఒక్కో సిలిండర్‌కు ఇంధనం చిమ్మే నాజిల్ విడిగా ఉంటుంది. మిక్స్చర్‌ను (గాలి, ఇంధనాల మిశ్రమాన్ని) లీన్ చేస్తూ, అంటే ఇంధనం తగ్గిస్తూ పోతే, ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఒక చోట గరిష్ఠానికి చేరుతుంది; అదే పీక్. అది దాటి కాస్త లీన్ చేయగానే ఇంజిన్ వణికేది. దాంతో ఇంధనం ఎక్కువే ఇస్తూ గంటకు 10.3 గ్యాలన్లు తాగించక తప్పేది కాదు. ప్లగ్గులు మార్చాం, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే మాగ్నెటో టైమింగ్ చూశాం, ఇన్‌టేక్ లీకులు వెతికాం. లాభం లేదు.

చివరికి పనిచేసింది ఇది. గాలి నిలకడగా ఉన్న రోజు, 65 శాతం పవర్‌లో, మిక్స్చర్ కంట్రోల్‌ను చాలా నెమ్మదిగా లీన్ వైపు వెనక్కి లాగుతూ, ఒక్కో సిలిండర్ ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఏ ఫ్యూయల్ ఫ్లో దగ్గర పీక్ అవుతుందో రాసుకున్నాను. తొందరపడితే అంకెలు తప్పుతాయి, అందుకే మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మూడో సిలిండరే ముందు పీక్ అయింది; చివరిగా పీక్ అయినదానికీ దానికీ ఫ్యూయల్ ఫ్లోలో తేడా గంటకు 1.2 గ్యాలన్లు. అర గ్యాలన్ లోపు ఉంటే మంచిది. ముందే పీక్ అయిందంటే దానికి ఇంధనం తక్కువ అందుతోందని అర్థం. మెకానిక్ ఆ ఇంజెక్టర్ నాజిల్ తీసి చూస్తే సగం మూసుకుపోయి ఉంది. శుభ్రం చేశాక తేడా 0.4కి దిగింది.

ఇప్పుడు పీక్‌కు లీన్ వైపున నున్నగా నడుస్తోంది. గంటకు 8.7 గ్యాలన్లే, వేగం ఐదు నాట్లు తగ్గింది. ఆ మిగులు రిజర్వుగా ఉంటే ఎంత ధైర్యమో!

కార్బ్యురేటర్ ఇంజిన్లలో ఒక్కో సిలిండర్‌కు విడి నాజిల్ ఉండదు కాబట్టి ఈ మందు పనిచేయదు. మీ ఇంజిన్‌లో కారణం వేరే కావచ్చు. ముందు మాన్యువల్‌లో లీనింగ్ పరిమితులు చూడండి.